ఆ డయోడ్ లేకుండా బొమ్మ వేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే వర్చువల్ పిన్‌బాల్ పెట్టె తయారుచేసుకోవడం గురించి ఒక పేజీ వేశారు. పెట్టె చెక్కపని, పడుకోబెట్టిన తెర, నిలబెట్టిన రెండో తెర, లోపల కంప్యూటర్ గురించి బాగానే రాశారు. చివరి పేరాకి వచ్చేసరికి మాత్రం 'ఇక సోలినాయిడ్లు, మోటార్లు, లైట్ల వైర్లు కంట్రోలర్‌కి కలిపేస్తే సరి' అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. సోలినాయిడ్ అంటే కరెంటు పారగానే మధ్యలోని ఇనప కడ్డీని లాక్కునే తీగ చుట్ట, కాయిల్ అన్నా అదే. పక్కనే ఒక బొమ్మ. అందులో పవర్ సప్లై ఉంది, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉంది, కాయిల్ ఉంది. ఫ్యూజ్ లేదు, డయోడ్ (కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే ముక్క) లేదు. ఆ బొమ్మ చూసి ఎవరో ఒకరు అచ్చం అలాగే కలుపుతారు. నేనూ మొదట అలాగే కలిపాను, అందుకే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు మోటార్లకు వైండింగ్ కట్టినవాణ్ణి. కాలిన చుట్టలు పీకడం, స్లాట్లలో కొత్త తీగ దించడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం, ఇదే నా పని. పిన్‌బాల్ పిచ్చి మా చిన్నమ్మాయిది. 'కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటా నాన్నా, వైరింగ్ నువ్వు చూడు' అంది. కాయిల్ అంటే నాకు కొత్తేముంది అనుకున్నాను. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఈ పెట్టెలో నిజం బంతి ఉండదు. బంతి, అది తగిలితే ఎగదోసే బంపర్లు, బటన్ నొక్కితే లేచి బంతిని పైకి కొట్టే ఫ్లిప్పర్లు, అన్నీ తెర మీద బొమ్మలే. కానీ తెర మీద ఫ్లిప్పర్ లేచినప్పుడు చేతికింద చెక్కలో 'ఠక్' అనకపోతే అది వీడియో గేమ్ లాగే ఉంటుంది. ఆ ఠక్ కోసమే ఇంత తంటా. విజువల్ పిన్‌బాల్ అనే ప్రోగ్రాం ఆట ఆడిస్తుంది. దాని వెనక విపిన్‌మేమ్ అనేది అసలు యంత్రంలోని చిప్‌లో ఉన్న ప్రోగ్రాంనే నడుపుతుంది. పాత యంత్రం ఏ క్షణంలో ఏ సోలినాయిడ్‌ని కొట్టేదో ఇదీ అదే క్షణంలో చెబుతుంది. డైరెక్ట్‌అవుట్‌పుట్ అనే ఇంకో ప్రోగ్రాం ఆ మాట విని, మన పెట్టెలో దానికి సరిపోయే వస్తువు ఏ నంబరు పోర్టు మీద ఉందో చూసి, యూఎస్‌బీ తీగ మీదుగా కంట్రోలర్ బోర్డుకి చేరవేస్తుంది. ఇక్కడిదాకా అమ్మాయి రాజ్యం. బోర్డు నుంచి కాయిల్ దాకా నాది.

బోర్డు మీద మొదటి పాఠం నేర్చుకున్నాను. మేము వాడింది కేఎల్25జడ్ అనే చిన్న బోర్డు, అందులో పిన్‌స్కేప్ అనే ప్రోగ్రాం ఎక్కించాం. పెట్టెని చేత్తో కుదిపితే కనిపెట్టే సెన్సర్ ఆ బోర్డు మీదే ఉంటుంది, బంతిని వదిలే ప్లంజర్ అనే కడ్డీని ఎంత లాగామో కూడా అదే చదివి చెబుతుంది. కానీ దాని పిన్ను ఇచ్చే కరెంటు కొద్ది మిల్లీ ఆంపియర్లు. దాంతో చిన్న ఎల్‌ఈడీ వెలగొచ్చు, కాయిల్ మాత్రం కదలదు. చాలామంది వాడే ఎల్‌ఈడీ-విజ్ అనే బోర్డుకి 32 అవుట్‌పుట్లు ఉన్నా, ఒక్కోదానికి 500 మిల్లీ ఆంపియర్లే హద్దు. పేరులోనే ఉంది కదా, అది లైట్ల కోసం చేసింది. నాలుగు ఆంపియర్లు తాగే కాయిల్‌ని నేరుగా దాని మీద పెడితే బోర్డు నిలవదు. మధ్యలో మాస్‌ఫెట్ గానీ రిలే గానీ ఉండి తీరాలి. మాస్‌ఫెట్ అంటే కదిలే ముక్కలు లేని స్విచ్ అనుకోండి.

రెండో సంగతి నా చేతి అలవాటుకే అడ్డం వచ్చింది. ఇంటి వైరింగ్‌లో స్విచ్ ఎప్పుడూ ఫేజ్ మీదే పెడతాం. ఇక్కడ అంతా తలకిందులు. ప్లస్ తీగ ఫ్యూజ్ గుండా నేరుగా కాయిల్‌కి వెళ్లిపోతుంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. బోర్డు చేసేదల్లా కాయిల్ రెండో కాలుని గ్రౌండ్‌కి, అంటే సప్లై మైనస్‌కి, కలపడం, విడగొట్టడం. అంటే ఆట ఆగి ఉన్నప్పుడు కూడా కాయిల్ రెండు కాళ్ల మీదా 24 వోల్టులు ఉన్నట్టే. ఆ రెండో కాలు గ్రౌండ్ అయిన ఏ ఇనప ముక్కకి తగిలినా కాయిల్ కొట్టి అలాగే ఉండిపోతుంది. అందుకే ప్రతి లగ్గు (తీగ అతికే రేకు) మీద స్లీవు వేశాను. టేపు చుట్టి వదిలేస్తే ఆ దడదడకి నాలుగు నెలల్లో ఊడి వస్తుంది.

ఇక అసలు విషయం. పెట్టెలో నాకర్ అని ఒకటి ఉంటుంది. ఆటగాడికి ఉచితంగా ఇంకో ఆట దొరికినప్పుడు చెక్కని 'ఠాప్' మని కొట్టే కాయిల్. మేము పెట్టింది 24 వోల్టులది, మీటరు పెట్టి చూస్తే ఆరు ఓమ్‌లు. అంటే నాలుగు ఆంపియర్లు, 96 వాట్లు. రెప్పపాటు పని కాబట్టి చల్లగా ఉంటుంది. డయోడ్ పెట్టలేదు. అవసరమని తోచలేదు కూడా. నేను చేసిందంతా ఏసీ మోటార్ల పని. స్విచ్ తెరిచినప్పుడు కాంటాక్టుల మధ్య నీలంగా చిటుక్కుమనే మెరుపు వేలసార్లు చూశాను. మెరుపు వస్తుంది పోతుంది, కాంటాక్టులు కాస్త నల్లబడతాయి, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది, అంతే.

ఆ మెరుపు ఎందుకొస్తుందో అప్పుడు ఆలోచించి ఉంటే బాగుండేది. కాయిల్‌లో పారుతున్న కరెంటుకి ఒక మొండితనం ఉంది, ఒక్కసారిగా ఆగదు. దారి మూసేస్తే, దూకడానికి ఎంత వోల్టేజి కావాలో అంతా తనే పుట్టించుకుంటుంది. 24 వోల్టుల కాయిల్ దగ్గర వందల వోల్టులు లేస్తాయి. కాంటాక్టు ఉంటే గాలిలో మెరుపుగా దూకి చల్లారుతుంది. మాస్‌ఫెట్‌లో గాలి ఎక్కడిది? ఆ దెబ్బంతా దాని ఒంట్లోకే వెళుతుంది. మొదటి దెబ్బకి పోదు, పదో దెబ్బకీ పోకపోవచ్చు. మాది తొమ్మిది రోజులు ఓర్చుకుంది.

ఆ రాత్రి అమ్మాయి ఆట ముగించి, కంప్యూటర్ ఆపేసి, పడుకోవడానికి వెళ్లింది. నేను పక్క గదిలో ఉన్నాను. వాసన తగిలింది. వేడెక్కిన ఎనామిల్ తీగ వాసన, కాస్త తీపి కలిసిన ఘాటు. నిద్రలో లేపినా గుర్తుపడతాను దాన్ని. పరిగెత్తుకెళ్లి ప్లగ్గు పీకాను. నాకర్ కడ్డీ లోపలికి లాక్కుని బిగుసుకుపోయి ఉంది. చుట్ట మీది కాగితం గోధుమరంగుకి తిరిగింది. చెక్కకి వేలు ఆనిస్తే చురుక్కుమంది.

'ఆట మూసేశాను కదా నాన్నా, కంప్యూటర్ కూడా ఆపేశాను' అంది అమ్మాయి. నిజమే. కానీ 24 వోల్టుల సప్లై వేరే ప్లగ్గు మీద ఉంది, అది ఆగలేదు. మాస్‌ఫెట్ తీసి మీటరు పెడితే కరెంటు పారే రెండు కాళ్లు, అంటే డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య, నిరోధం దాదాపు సున్నా. మామూలుగా ఏదైనా పోయిందంటే దారి తెగిపోయిందనుకుంటాం. బల్బు పోతే వెలగదు, ఫ్యూజ్ పోతే తెగుతుంది. మాస్‌ఫెట్ ఎక్కువగా ఎలా పోతుందంటే, లోపల అతుక్కుని పోతుంది, స్విచ్ వేసేసి చేతులు దులుపుకున్నట్టు. రిలే పెట్టినా తేడా లేదు, ఆ మెరుపుకి దాని కాంటాక్టులు కరిగి అంటుకుంటాయి. రెండింటిలోనూ కాయిల్ పట్టుకుని ఉండిపోతుంది. రెప్పపాటు పని కోసం చుట్టిన తీగలో 96 వాట్లు ఆగకుండా పారితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి మందు 1ఎన్4007 అనే డయోడ్. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది, నల్లగా ఉంటుంది, ఒక చివర వెండి రంగు గీత. కాయిల్ రెండు కాళ్ల మధ్య అడ్డంగా పెట్టాలి, గీత ఉన్న చివర ప్లస్ కాలు వైపు. కాయిల్ పనిచేస్తున్నంతసేపూ అది అడ్డుగోడలా ఊరికే ఉంటుంది. దారి మూసిన క్షణంలో ఆ మొండి కరెంటుకి తిరిగి చుట్టలోకే వెళ్లే దారి చూపిస్తుంది. కరెంటు అక్కడక్కడే తిరిగి చల్లారుతుంది, మాస్‌ఫెట్ దాకా రాదు. తిప్పి పెట్టారా, కాయిల్ కొట్టాల్సిన మొదటి క్షణంలోనే సప్లైకి నేరుగా షార్ట్. నేను ఒకసారి అలాగే పెట్టాను, కళ్లజోడు లేకుండా. 'ఠప్' మని రెండు ముక్కలైంది డయోడ్. ముక్క దొరకలేదు.

డయోడ్‌ని బోర్డు దగ్గర కాకుండా కాయిల్ లగ్గుల మీదే సోల్డర్ చేయండి. దూరంగా పెడితే ఆ మొండి కరెంటు మీటరు పొడుగు తీగంతా తిరిగి వెళుతుంది, ఆ తీగ పక్కన ఉన్న ప్రతిదాన్నీ కెలుకుతుంది.

మీ వ్యాసంలో 'రిలే బోర్డు మీద డయోడ్లు ముందే ఉంటాయి' అని ఒక మాట ఉంది. ఉంటాయి, కాదనను. కానీ అవి రిలే లోపలి చిన్న కాయిల్ కోసం. రిలే అవతల మనం కలిపే పెద్ద కాయిల్‌కి వాటితో సంబంధమే లేదు. దానికి దాని డయోడ్ వేరే పెట్టాలి. పెట్టెని వణికించే షేకర్ మోటారుకీ, కాంటాక్టర్లకీ (మోటార్లు నడిపే పెద్ద రిలేలు), చుట్ట ఉన్న ప్రతిదానికీ అంతే. ఎల్‌ఈడీలకి అక్కర్లేదు.

డయోడ్ తర్వాత ఫ్యూజ్. ప్రతి కాయిల్‌కి దాని ఫ్యూజ్ దానికే. మొత్తానికి కలిపి ఒక్కటే పెడితే, అన్ని కాయిళ్ల కరెంటునీ మోసేంత పెద్దది పెట్టాలి. అప్పుడు ఒక్క కాయిల్ కాలుతున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాకర్‌కి నేను రెండు ఆంపియర్ల స్లో-బ్లో పెట్టాను. రెప్పపాటు నాలుగు ఆంపియర్లని అది పట్టించుకోదు, పట్టుకుపోతే మాత్రం ఊరుకోదు. నమ్మకం కోసం మాస్‌ఫెట్‌ని తీగ ముక్కతో షార్ట్ చేసి, గడియారం చూస్తూ కూర్చున్నాను. 22 సెకన్లకి తెగింది. కాయిల్ గోరువెచ్చగా ఉంది. పిన్‌స్కేప్‌లో కూడా టైమర్ పెట్టుకునే వీలుంది, కాయిల్ ఎక్కువసేపు ఆన్‌లో ఉండకుండా అది కట్ చేస్తుంది. అమ్మాయి అది పెట్టింది, మంచిదే. కానీ అతుక్కుపోయిన మాస్‌ఫెట్‌కి ఎంత గొప్ప ప్రోగ్రాం ఆపమని చెప్పినా వినడానికి చెవులేవి?

24 వోల్టుల సప్లైని కూడా కంప్యూటర్‌తోపాటే ఆగేలా మార్చాం. కంప్యూటర్ నుంచి వచ్చే 12 వోల్టులతో ఒక రిలే పట్టుకుంటుంది, ఆ రిలే గుండానే పెద్ద సప్లైకి మెయిన్స్ వెళుతుంది. మెయిన్స్ తీగలు మూత ఉన్న డబ్బాలోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఫ్లిప్పర్ల ఠక్ కోసం కాంటాక్టర్లు వాడాం. ఇక్కడ ఒక్క నిమిషం నా గోడు వినండి. జీవితమంతా కాంటాక్టర్ అంటే మోటారు నడపడానికే. ఈ పెట్టెలో దాని కాంటాక్టులకి ఒక్క తీగ కూడా లేదు. శబ్దం కోసమే పెట్టారు దాన్ని! మొదటిరోజు చూసి నవ్వాను, తర్వాత ఆడి చూసి ఒప్పుకున్నాను. కొనేటప్పుడు మాత్రం కాయిల్ మీద 24 వోల్టుల డీసీ అని ఉందో లేదో చూడండి. ఏసీ కాయిల్‌లో కరెంటుని అడ్డుకునేది తీగ నిరోధం ఒక్కటే కాదు, ఏసీ తిరుగుళ్లు కూడా. అదే వోల్టేజి డీసీ ఇస్తే ఆ రెండో అడ్డు పోతుంది, చుట్ట వేడెక్కి కాలిపోతుంది. అలాంటివి ఎన్ని కొత్తగా చుట్టానో లెక్కలేదు.

అసలైన పిన్‌బాల్ ఫ్లిప్పర్ కాయిల్ ఒకటి అమ్మాయి సంపాదించి తెచ్చింది. ఫ్లిప్పర్ అనేదే 1947లో గాట్లీబ్ కంపెనీ 'హంప్టీ డంప్టీ' యంత్రంతో వచ్చిందట. అంతకుముందు బంతి వదిలాక పెట్టెని కుదపడం తప్ప చేసేదేమీ లేదట. ఆ కాయిల్ విప్పి చూసి చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఒకే బాబిన్ మీద రెండు చుట్టలు. ఒకటి లావు తీగతో తక్కువ చుట్లు, కొట్టడానికి. ఇంకోటి సన్న తీగతో ఎక్కువ చుట్లు, బటన్ నొక్కి ఉంచినంతసేపు పట్టుకుని ఉండటానికి. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక చివర చిన్న స్విచ్ తెరుచుకుని లావు చుట్టని పక్కకి తప్పిస్తుంది. లావు చుట్ట నాలుగు ఓమ్‌లే, 48 వోల్టులు ఇస్తే 12 ఆంపియర్లు. అది ఆగకుండా పారితే ఏమవుతుందో అప్పుడే తెలిసినవాడు కట్టిన పని అది. ఏ చేయి చుట్టిందో గానీ తీగలు పక్కపక్కన పేర్చినట్టున్నాయి.

డయోడ్లన్నీ పెట్టాక కూడా ఒక తలనొప్పి మిగిలింది. షేకర్ మోటారు తిరిగినప్పుడల్లా కంప్యూటర్ 'టుడుంగ్' అని యూఎస్‌బీ ఊడిపోయిన చప్పుడు చేసేది. బటన్లు పనిచేయవు, బంతి కిందికి జారిపోతుంది. అమ్మాయి మూడు రోజులు డ్రైవర్లు మార్చింది, యూఎస్‌బీ తీగ మార్చింది. చివరికి తప్పు నాదే. మోటారు గ్రౌండ్ తీగని, దగ్గర కదా అని, బోర్డు గ్రౌండ్ తీగకే అతికించాను. సన్న తీగ, పాత టెర్మినల్, కలిపి పావు ఓమ్ అనుకోండి. నాలుగు ఆంపియర్లు పారితే అందులో ఒక వోల్టు పడిపోతుంది. అంటే బోర్డు తన సున్నా అనుకుంటున్నది అసలు సున్నా కన్నా ఒక వోల్టు పైకి లేస్తుంది. 3.3 వోల్టుల మీద బతికే బోర్డుకి ఒక వోల్టు అంటే కాళ్లకింద నేల కదిలినట్టే. ప్రతి పెద్ద వస్తువుకీ లావుపాటి గ్రౌండ్ తీగ వేరేగా తీసి, అన్నిటినీ సప్లై మైనస్ దగ్గర ఒకే బోల్టు కింద కలిపాను. బోర్డు గ్రౌండ్ కూడా విడిగా అక్కడికే వస్తుంది. అది రాకపోతే మాస్‌ఫెట్‌కి ఎప్పుడు తెరుచుకోవాలో కూడా తెలియదు. ఆ తర్వాత టుడుంగ్ వినపడలేదు.

లైట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో పొగ రాదు కాబట్టి. మూడు రంగుల ఫ్లాషర్ ఒక్కటి మూడు అవుట్‌పుట్లు తింటుంది, ఐదు పెడితే 15. ముందే లెక్క వేసుకోకపోతే బోర్డు చాలదు. 5 వోల్టుల మీద, 350 మిల్లీ ఆంపియర్ల ఎరుపుకి 2.2 వోల్టులు పోతే మిగిలిన 2.8కి 8 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. అది దాదాపు ఒక వాట్ వేడిని మింగాలి, కాబట్టి పావు వాట్‌ది పెట్టకండి, రెండు వాట్లది పెట్టండి. లైటున్న బటన్లకి బల్బు లగ్గులు వేరే, స్విచ్ లగ్గులు వేరే ఉంటాయి. బల్బు 12 వోల్టులు పొరపాటున స్విచ్ లగ్గుకి తగిలితే బోర్డు పోయినట్టే. ఈ తప్పు నేను చేయలేదు, ఎవరు చేశారో చెప్పను.

ప్రతి తీగకి రెండు చివరలా నంబరు చీటీ కట్టండి. పోర్టు 7 అని కంప్యూటర్‌లో రాసుకుని తీగ 9కి పెట్టడంతో మా పెట్టెలో ఒక సాయంత్రమంతా ఎడమ ఫ్లిప్పర్ లేపినప్పుడల్లా నాకర్ మోగింది. ఇంటికి వచ్చినవాళ్లు అలాగే ఉండాలేమో అనుకున్నారు.

ఈ ఉత్తరం పొడుగైందని తెలుసు, మీ ఇష్టం వచ్చినంత కోసేయండి. బొమ్మని మాత్రం సరిచేసి మళ్లీ వేయండి. వేసేటప్పుడు ఫ్యూజ్ ప్లస్ తీగలో ఉండాలి, డయోడ్ కాయిల్‌కి ఆనుకుని ఉండాలి, గీత ప్లస్ వైపు. చిన్న అచ్చులో ఆ గీత నలుపులో కలిసిపోయి ఏ వైపుందో తెలియదు, కాస్త పెద్దగా గీయించండి. చేత్తో వేసిన నకలు ఈ కాగితం వెనక ఉంది. ఎడమ మూలలో ఉన్న గోధుమరంగు చుక్క సోల్డర్ ఫ్లక్స్ మరక, దాన్ని సర్క్యూట్‌లో భాగం అనుకోవద్దని మీ ఆర్టిస్టు గారికి చెప్పండి.

ఇట్లు,
మోటారు వైండింగ్ పని మానుకున్న ఒక పాఠకుడు